తులసి ఎండితే అరిష్టమా?

నా వద్దకు వైద్యానికి వచ్చే గృహిణులు మందుల సంగతి ముగిసిన తరువాత, వెళ్ళబోతూ గుమ్మం వద్ద ఆగి అడిగే ప్రశ్న ఒకటున్నది. "కోటలో తులసి ఎండిపోయిందండీ, ఇంటికేమైనా కీడా?" అని. ఈ భయంతో నిద్రకు దూరమైనవారిని కూడ నేనెరుగుదును. కీడేమీ లేదు. ప్రతి మొక్కకూ ఒక ఆయుఃప్రమాణం ఉన్నది, అంతే.

నేలవేము, వాము, ధనియాలు వంటివి ఏకవార్షికాలు. మొలిచి, పూచి, గింజ కట్టి ఒక్క పంటకాలంలోనే ముగిసిపోతాయి. వేప, ఉసిరి తరాలకు నిలుస్తాయి. తులసి ఈ రెంటికీ నడుమది. బహువార్షికమే గాని అల్పాయుష్షుది. కుండీలో శ్రద్ధగా పెంచినా సాధారణంగా రెండు మూడేళ్ళే దాని ఉచ్ఛదశ. ఆపైన కాండం కట్టెబారి, ఆకు సన్నగిల్లుతుంది.

అయితే ఏడాదైనా నిండకుండా తులసి పోయినదంటే, దోషం మన పోషణలో వెతకవలెను. నేను చూసినంతలో ప్రధాన శత్రువు నీరే. సిమెంటు కోటలకు చాలావాటికి అడుగున తూము ఉండదు. రోజూ భక్తితో పోసే చెంబెడు నీరు అడుగున నిలిచి వేరు కుళ్ళుతుంది. ఆకు వాడినది చూచి ఇంకొక చెంబు పోస్తారు! వేలితో మట్టి నొక్కి, పైపొర ఆరిన తరువాతనే నీరు పోయవలెను. ఆరని రోజున అర్ఘ్యం ఒక ఉద్ధరిణెడు చాలు. పాలు, పసుపు నీళ్ళు మొదట్లో పోయరాదు. సంధ్యాదీపం కొమ్మలకు జానెడు దూరమైనా ఉండవలెను. ఆ సెగకు ఆకు మాడిన మొక్కలు ఎన్నో. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపిన మట్టి శ్రేష్ఠం. రోజుకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి. ధనుర్మాసపు చలికి కొంత ఆకు రాల్చడం సహజమే గనుక, ఆ నెలల్లో నీరు తగ్గించవలెను.

మంజరులు గింజ కట్టనిస్తే మొక్క తన శక్తినంతా వాటికే ధారపోస్తుంది. లేతగా ఉండగానే తుంచితే పక్క కొమ్మలు చిగిర్చి ఆయుష్షు పెరుగుతుంది. మంజరి విష్ణుపూజకు శ్రేష్ఠమన్న మన ఆచారం మొక్కకు కూడ మేలే చేసినది. క్షీరాబ్ది ద్వాదశి తరువాత మాత్రం రెండు మూడు కంకులను ముదరనిచ్చి, గోధుమరంగుకు తిరిగినప్పుడు గింజ దులుపుకొనవలెను. మాఘ ఫాల్గుణాలలో ఆ సన్నగింజలను మట్టిపై చల్లి, పలుచగా ఇసుక కప్పి, నీరు చిలకరిస్తే రెండు వారాలలోపు మొలుస్తాయి. పాత తులసి వాడేనాటికి కొత్తది కోట పక్కనే సిద్ధంగా ఉంటుంది.

నేలవేము విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. పువ్వు తుంచినా అది మరో ఏడు చూడదు. తొలకరిలో విత్తితే మూడు నాలుగు మాసాలకు పూతకు వస్తుంది. చేదు సారం హెచ్చుగా ఉండేది ఆ దశలోనే గనుక అప్పుడే కోసి నీడన ఆరబెట్టవలెను. గర్భిణులకు దీనిని ఇవ్వరాదు. కోసేటప్పుడు రెండు మొక్కలను గింజకు వదలండి. తాజా గింజ వెంటనే మొలవదు, కొన్ని నెలలు నిద్రిస్తుంది. పొడి డబ్బాలో దాచి, మరుసటి తొలకరికి తీయండి.