గోళెంలో చెరువు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి జీవితం చెరువు చుట్టూ అల్లుకున్నది. శ్రీకూర్మంలోని శ్వేత పుష్కరిణి, అరసవల్లిలోని ఇంద్ర పుష్కరిణి, విజయనగరంలోని పెద్దచెరువు, అయ్యకోనేరు పేరుపొందినవి కాగా, పేరుకెక్కని బందలు, గుంటలు ఊరూరా కనిపిస్తాయి. పెరడు తగ్గి అరుగు, డాబా, బాల్కనీ మాత్రమే మిగిలిన నేటి ఇళ్లలోనూ ఆ నీటి లోకాన్ని ఒక గోళెంలో నిలుపుకోవచ్చు. అయితే నీళ్లు పోసి మొక్క నాటినంత మాత్రాన గోళెం చెరువు కాదు. మన్ను, మొక్క, చేప, కంటికి కనిపించని సూక్ష్మజీవులు కలిసి, ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆహారమయ్యే వలయంగా ఏర్పడినప్పుడే నిలవ నీటికి జీవం వస్తుంది. ఆ వలయం ఏర్పడకపోతే అది దోమలకు నెలవు మాత్రమే అవుతుంది.

పాత్ర, బరువు

ఒకప్పుడు పశువులకు కుడితి పోసిన సిమెంటు గోళెం ఇందుకు చక్కగా సరిపోతుంది. రెండడుగుల వెడల్పు, పదిహేను అంగుళాల లోతు ఉన్న గుండ్రని గోళెంలో నిండా పోస్తే సుమారు 110 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీరు కిలో బరువు కనుక, మన్నుతోనూ పాత్రతోనూ కలిపితే ఆ భారం ఇద్దరు మనుషుల బరువును దాటుతుంది. అందువల్ల డాబా మీద పెట్టేవారు శ్లాబు నడిమధ్యన కాక, దూలం లేదా గోడ ఉన్న చోటనే దానిని ఉంచాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగి క్షారగుణాన్ని పెంచి, చేపలకు ప్రాణాంతకమవుతుంది కాబట్టి, రెండు మూడు వారాల పాటు నీళ్లు నింపుతూ పారబోస్తూ పాత్రను ఊరనివ్వాలి. అంచుకు రెండంగుళాల కింద చిన్న రంధ్రం చేసి వల బిగిస్తే, జడివానకు నీరు పొర్లినా చేపలు కొట్టుకుపోవు. పసిపిల్లలున్న ఇంట్లో గోళెంపై ఇనుప జాలీ తప్పనిసరి, ఎందుకంటే జానెడు నీరు కూడా వారికి ప్రమాదమే.

మన్ను, మొక్క

కుండీ మొక్కలకు వాడే కొబ్బరి పీచు పొడి, ఆకు ఎరువు నీటిలో తేలిపోయి కుళ్లుతాయి కాబట్టి, ఇక్కడ కావలసినది చెరువు అడుగున దొరికే బంకమన్ను. బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు అడుగున వేసి, దానిపై నాలుగైదు అంగుళాల బంకమన్ను పరిచి, పైన పలచగా ఇసుక చల్లితే నీరు బురదగా మారదు.

తామర, కలువ ఒకటే అన్న భావన చాలామందిలో ఉన్నా, వృక్షశాస్త్రం ప్రకారం అవి వేర్వేరు కుటుంబాలవి. కలువ ఆకు ఒకవైపు చీలి, నీటిపై పరుచుకుంటుంది. తామర ఆకు చీలిక లేకుండా గుండ్రంగా ఉండి, కాడపై నీటికి పైకి లేస్తుంది. తామరాకుపై పడిన చుక్క పాదరసంలా దొర్లిపోవడానికి, ఆకుపై కంటికి కనిపించని బొడిపెలు, వాటిని కప్పిన మైనపు పొర కారణం; దొర్లుతూ ఆ చుక్క దుమ్మును కూడా తనతో తీసుకుపోతుంది. తామర దుంప నాటేటప్పుడు దానిని మన్నులో పడుకోబెట్టి, మొలక కొనను మాత్రం పైకి వదలాలి; కొన విరిగితే దుంప కుళ్లిపోవచ్చు. గింజతో పెంచదలచినవారు దాని గట్టి పెంకును ఒక కొనన గరుకు రాతిపై అరగదీసి, రోజూ మార్చే నీటిలో నానబెట్టాలి. చైనాలో ఎండిన సరస్సు అడుగున దొరికిన సుమారు 1,300 ఏళ్ల నాటి తామర గింజ మొలకెత్తగలగడానికి తోడ్పడినది ఆ పెంకే. చిన్న పాత్రకు పొట్టి రకాలే తగినవి. తామరకు రోజుకు ఆరు గంటల ఎండ అవసరం కాగా, కలువ కొంత తక్కువ ఎండకూ పూస్తుంది.

చేప, దోమ

కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిలవ ఉంచాలి. చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా విషం. మన్నులోనూ పాత్ర గోడలపైనా పెరిగే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గా, ఆపై మొక్కలకు ఆహారమైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు స్థిరపడడానికి నెల రోజులు పడుతుంది కాబట్టి అంతవరకు చేపలను వదలకూడదు. అయితే వారం పది రోజుల్లోనే దోమ గుడ్డు నుంచి రెక్కల దశకు చేరగలదు కనుక, ఆ నెలంతా గోళెంపై సన్నని వల కప్పి ఉంచాలి.

దోమల నివారణకు అమెరికా ఖండానికి చెందిన గంబూషియా చేపను 1928లో భారతదేశానికి తెచ్చారు. అది దోమ లార్వాలతో పాటు స్థానిక చేపల పిల్లలను, కప్పల గుడ్లను కూడా తినడం వల్ల, నేడు ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో చేరింది. నడినెత్తిన వెండి చుక్కతో వరి మడుల్లో, కాలువల్లో నీటి పైపొరన తిరుగుతూ ఉండే చిన్న స్థానిక చేప, పాంచాక్స్, ఇందుకు మేలైనది. లార్వా గాలి కోసం పైకి రాగానే అది ఒక్క దూకుడుతో దానిని అందుకుంటుంది. ఇంత నీటికి అటువంటివి నాలుగైదు చాలు.

ఎండ, గాలివాన

20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు; 30 డిగ్రీల వద్ద అది 7.5కు తగ్గుతుంది. రాత్రివేళ మొక్కలు కూడా ప్రాణవాయువునే పీల్చుకుంటాయి కాబట్టి, వేసవి తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఊపిరి చాలడం లేదని గ్రహించి, కొంత నీరు మార్చాలి. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడే తూర్పు అరుగు ఇందుకు అనువైనది. నీటిపైన మూడింట రెండు వంతులను ఆకులు కప్పితే నీరు చల్లగా ఉండి, పాచి పట్టడం తగ్గుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని తాకింది. అటువంటి గాలివానలు ఏటా పొంచి ఉండే ప్రాంతంలో, నిండు గోళెం తన బరువుతో నిలిచినా, చుట్టూ ఉన్న తేలిక కుండీలను మాత్రం లోపల పెట్టుకోవాలి.

గోళెం నిండి మొక్కలు ఎక్కువైనప్పుడు వాటిని కాలువలో పారవేయడం పరిపాటి. కానీ ఊరి కాలువ గెడ్డ (వాగు)లోకి, గెడ్డ చెరువులోకో నాగావళి, వంశధారల వంటి నదిలోకో చేరుతుంది; అందానికని దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క నేడు మన చెరువులను కమ్మినది ఇటువంటి నిర్లక్ష్యం వల్లనే. మిగిలిన మొక్కలను ఎండబెట్టి ఎరువుగా మార్చడం, చేపలను మరొక గోళెం ఉన్నవారికి ఇవ్వడం ఈ పెంపకంలో చివరి నియమం. గోళెంలో చెరువును నిలుపుకున్నవారు ఊరి చెరువును కాపాడే తీరు కూడా అదే.