తూకం తప్పితే.. పాకం చెడినట్టే!

కయత్తారు: మదురై నుంచి తిరునల్వేలి పోయే జాతీయ రహదారిలో కోవిల్‌పట్టి దాటాక కయత్తారు వస్తుంది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీసిన ఊరు. ఆ కథ మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు చెప్పేది వంటింటి సంగతి.

కోవిల్‌పట్టి కడలమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పల్లీలు, బెల్లం.. చూస్తే రెండే సరుకులు. కానీ పాకానికి బెల్లం పాలు కాస్త తగ్గినా చెక్క పట్టు రాదు, ఎక్కువైతే తీపి మొహం మొత్తుతుంది. గిన్నెతో కొలుద్దామంటే బెల్లం ముక్కల మధ్య సందులుంటాయి. ఒక గిన్నెకూ ఇంకో గిన్నెకూ పొంతన ఉండదు. కడలమిఠాయో, ఇడ్లీపొడో చేసి నాలుగు డబ్బులు కూడబెట్టాలనుకునే ఇంటికి అందుకే నమ్మకమైన కాటా ఒకటి కావాలి. కరెంటు, బ్యాటరీ లేకుండా పనిచేసేదైతే మరీ మంచిది. 2012 ప్రాంతంలో తమిళనాట రోజులో సగానికి పైగా కరెంటు లేని రోజులు చూసినవాళ్లకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

వీశె పోయి కిలో వచ్చె

మన పెద్దోళ్లు వంటల లెక్క వీశెల్లో, పలాల్లో చెప్పేవాళ్లు. మద్రాసు రాజధాని లెక్కలో మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె. ఇప్పటి తూకంలో పలం 35 గ్రాములు, వీశె 1.4 కిలోలు. 1958లో మొదలైన కిలోల పద్ధతి 1962కల్లా దేశమంతా వచ్చేసింది. అవ్వ చెప్పిన లెక్కను రాసుకునేటప్పుడు ఈ రెండు అంకెలు పక్కన పెట్టుకుంటే చాలు. పడి, మానిక లెక్కలతోనే చిక్కు. పడి బియ్యం, పడి మినుములు, పడి కారం ఒకే బరువు తూగవు. వాటిని ఒక్కసారి కొలిచి, తూచి, గోడ మీదో పుస్తకంలోనో రాసుకోవాల్సిందే.

ఏది కొనాలి?

పాత్రల అంగడికి పోతే రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి గుండ్రటి ముఖం, ముల్లు ఉన్న స్ప్రింగు కాటా. రెండోది రాళ్లు పెట్టి తూచే తరాసు. తరాసుకు ముసలితనం తొందరగా రాదు. స్ప్రింగు అలా కాదు, మోయలేని బరువు పెట్టినా, రాత్రంతా గిన్నె దానిమీదే వదిలేసినా సాగిపోతుంది. అయినా వంటింట్లో గబగబా తూచుకోవడానికి స్ప్రింగు కాటాదే సుళువు.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఎంత పెద్దదైతే అంత మంచిదని పది కిలోలది కొనేస్తారు. పది కిలోల ముఖం మీద గీతకూ గీతకూ మధ్య యాభై గ్రాములుంటే, దాంతో వంద గ్రాముల ఏలకులు తూచేదెట్లా? ముల్లు రెండు గీతల మధ్య ఆగితే మనం చేసేది ఊహే. గీత 25 గ్రాములదైతే 12 గ్రాముల దాకా అటూ ఇటూ అవుతుంది. వంద గ్రాముల పొట్లంలో అది నూటికి పన్నెండు. పల్లీలకు, బెల్లానికి అయిదు కిలోలది, మసాలాలకు గీతకు అయిదు గ్రాములుండే కిలో కాటా, ఇలా రెండు చిన్నవి ఉంచుకోవడమే మేలని మా అభిప్రాయం. ముల్లు ముందు అద్దం మూత లేనిదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. పిండి, ఆవిరి లోపలికి పోయిందంటే దాని పని అయిపోయినట్టే.

అంగట్లోనే చూడండి

బిల్లు కట్టక ముందే అంగడాయన దగ్గరున్న ముద్ర వేసిన ఇనుప రాయి అడగండి. ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసి, కిలో రాయి పెట్టండి. తీసి మళ్లీ పెట్టండి. మూడుసార్లూ ఒకే అంకె రావాలి. రాయిని పళ్లెం నడుమ ఒకసారి, అంచుల్లో నాలుగు పక్కలా ఒక్కోసారి ఉంచి చూడండి. అంచుకు జరిపితే అంకె మారిపోయే కాటాను అక్కడే వదిలేసి రండి. రాయి తీశాక ముల్లు మళ్లీ సున్నాకు రావాలి. చూసేటప్పుడు కన్ను ముల్లుకు ఎదురుగా ఉండాలి, పక్కనుంచి చూస్తే అంకె జరిగినట్టుంటుంది.

కిలో పప్పు ప్యాకెట్టు పెట్టి పరీక్షించొద్దు. కవరు బరువు ఒకటి కలుస్తుంది. పైగా చట్టమే కిలో ప్యాకెట్టుకు 15 గ్రాముల దాకా తేడా ఒప్పుకుంటుంది. రాయి దొరక్కపోతే పది రూపాయల బిళ్లలు ఉన్నాయిగా! ఒక్కోటి 7.71 గ్రాములు, పదమూడు కలిపితే వంద గ్రాములకు ఇంచుమించు సరి. అంగళ్లలో కొందరు తీసుకోమని మొహం తిప్పుకున్న బిళ్లలు ఇలాగైనా పనికొచ్చాయి.

తరాసు కొనేవాళ్లకు ఇంకో చిట్కా. సరుకు ఒక పళ్లెంలో, రాళ్లు ఇంకోదాంట్లో పెట్టి తూచాక రెండూ అటుదిటు మార్చండి. దండె చేతులు ఎక్కువ తక్కువైతే గుట్టు అప్పుడు బయటపడుతుంది. గాలిమరలు తిరిగే ఈ ఊళ్లో ఆడి మాసం గాలికి వాకిట్లో పెట్టిన తరాసు నిలవదు, గదిలోకి తీసుకుపోయి ఫ్యాను ఆపి తూచాలి.

అమ్మకానికైతే అది వేరు

ఇంటి కాటాతో తూచి ఇరుగుపొరుగుకు అమ్మేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2009 నాటి తూనికల చట్టం ప్రకారం అమ్మకానికి వాడే కాటాకు, రాళ్లకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. చాలా వంటింటి కాటాల మీద అవి వ్యాపారానికి కావని రాసే ఉంటుంది. ముద్ర లేనిదాంతో అమ్మితే జరిమానా తప్పదు. రాళ్లకు, తరాసుకు ముద్ర రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా మళ్లీ వేయించుకోవాలి. ఆంధ్రలో ఈ పని తూనికలు కొలతల శాఖ చూస్తుంది. తమిళనాట కార్మిక శాఖ కింద ఉంటుంది, 'తొళిలాళర్ తుఱై' అని అడిగితే చూపిస్తారు. అక్కడ ఏ కాటాకు ముద్ర వేస్తారో కొనకముందే కనుక్కుంటే డబ్బులు దండగ కావు.

ఇక ఇంట్లో కాటాకు పెద్ద సేవలేం అక్కర్లేదు. తూచడం అయ్యాక పళ్లెం ఖాళీ చేయండి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, పొయ్యికి ఎడంగా పెట్టండి. నెలకోసారి ఆ పదమూడు బిళ్లలు పళ్లెంలో పోసి చూడండి. ముల్లు ఎప్పుడూ ఆగే చోట ఆగకపోతే సున్నా మర తిప్పి సరిచేయండి. అప్పటికీ దారికి రాకపోతే స్ప్రింగు సాగిపోయిందన్నమాట, కొత్తది కొనాల్సిందే.