సముద్రం అడుగుకు మన అమ్మాయి!

"అమ్మా, మాల్దీవులకెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకుంటా!" అని అమ్మాయి అంటే మీ గుండె గుభేలుమంటుంది కదూ? మానేరు డ్యాం, కుంటాల జలపాతం చూసిన మనకు సముద్రమంటే భయమే మరి. అయినా వెంటనే వద్దనకండి. పక్కనున్న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 14 ఏళ్లు నిండకుండానే, 2014లో, ఎవరెస్టు ఎక్కింది. ఆమెకు గురుకుల సంస్థ అండ దొరికింది. మనకు మన పోపులపెట్టే అండ!

ముందు ఖర్చుల పట్టిక రాయండి: పాస్‌పోర్టు, విమానం టిక్కెట్లు, బస, శిక్షణ ఫీజు, డైవింగ్‌కి వర్తించే బీమా. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు, కరీంనగర్‌లోనే సేవాకేంద్రం ఉంది. మాల్దీవులకైతే మనవాళ్లు ముందుగా వీసా తీసుకునే పని లేదు.

మొత్తాన్ని నెలలతో భాగించి బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టండి. చిట్టీ అయితే రిజిస్టరైన దాంట్లోనే వేయండి. మొదట్లోనే పాడుకుంటే కోత ఎక్కువ పడుతుంది సుమా! నగలు మాత్రం తాకట్టు పెట్టకండి.

ఇక భద్రత సంగతి. ముందు ఈత రావాలి. ఉబ్బసం, చెవి జబ్బు ఉంటే ఫారంలో దాచొద్దు, డాక్టరుకు చూపించాలి. తొలి కోర్సు చేసినవాళ్లు 18 మీటర్లకు మించి దిగకూడదు. నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. ఆఖరి డైవ్ అయ్యాక కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. లేకపోతే ఒంట్లో నత్రజని బుడగలు కట్టి ప్రాణం మీదికొస్తుంది. అందుకని బసకు ఇంకో రోజు ఖర్చు కూడా లెక్కలో వేయండి.

లెక్క కుదిరిందా? మరైతే రేపే అమ్మాయి పేరు ఈత క్లాసులో రాయించండి!