కూర్చోబెడితే దమ్ము తగ్గదు

నిజామాబాద్ జిల్లా కోటగిరి వాడల్లో మధ్యాహ్నం పూట అరుగుల మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, కొస మడిచి దారం కట్టేదాకా చేతులు ఆగవు. కాళ్లు మాత్రం మడిచినవి మడిచినట్టే ఉంటాయి. ఏళ్ల తరబడి పీల్చిన తంబాకు దుమ్ముకు కట్టెల పొయ్యి పొగ తోడైతే, యాభై దాటేసరికి బిందె ఎత్తినా దమ్ము లేస్తుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు: "నువ్వేం జెయ్యకు అవ్వా, కూసో."

ఆ ప్రేమే ఆమెను మంచానికి దగ్గర చేస్తోంది. బీడీ తాగి ఊపిరితిత్తులు పాడైన మగవాళ్లకూ, బియ్యం మిల్లుల్లో ఊక దుమ్ము మింగిన హమాలీలకూ ఇంట్లో ఇదే సలహా. మన దేశంలో సీవోపీడీ అనే ఈ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో 2016 నాటికే సుమారు 5.5 కోట్ల మంది ఉన్నారని అంచనా.

ఈ జబ్బులో గాలిగొట్టాలు ఇరుకవుతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. వేగంగా నడిస్తే పాత గాలి లోపలే పేరుకుపోయి ఛాతీ బిగుసుకుంటుంది. భయపడి నడక మానేస్తారు. వాడకం లేక తొడ కండరాలు సన్నబడతాయి. బలం తగ్గిన కండరం కొద్దిపాటి పనికే అలసి, మరింత గాలి కావాలంటుంది. నిన్న బజారు దాకా పోయిన మనిషికి నేడు వాకిలి దాటడమే గగనమవుతుంది. వ్యాయామం పాడైన ఊపిరితిత్తులను బాగుచేయదు. కాళ్లను బాగుచేస్తుంది. అదే పనికి తక్కువ గాలి సరిపోయేలా చేస్తుంది. నా దృష్టిలో ఇది చిన్న మేలు కాదు.

2015లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ తన సమీక్షలో 65 పరిశోధనలనూ, 3,822 మంది రోగులనూ కలిపి చూసింది. ఇలాంటి వ్యాయామ శిక్షణ పొందినవాళ్లు ఆరు నిమిషాల్లో సగటున 44 మీటర్లు ఎక్కువ నడిచారు. ఈ ఆరు నిమిషాల నడక పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు: 30 మీటర్ల చదునైన దారి, రెండు చివర్లా గుర్తులు, ఒక గడియారం, ఆయాసమొస్తే కూర్చోడానికి కుర్చీ, వేలికి పెట్టే ఆక్సీమీటర్. కోటగిరి బడి వరండాలోనైనా పెట్టొచ్చు.

నడక మొదలుపెట్టే ముందు డాక్టర్ గుండెనూ, ఆక్సిజన్‌నూ చూడాలి. ఇన్‌హేలర్ మానకూడదు. జబ్బు ఎగదన్నిన రోజుల్లో సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆ తర్వాత వారానికి కొన్ని రోజులు, కనీసం ఎనిమిది వారాలు నడక. మాట్లాడగలిగేంత ఆయాసం రావాలి, మాట పడిపోయేంత రాకూడదు. మొదట రెండు నిమిషాలు నడిచి ఆగినా సరే. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం తొడలకు మంచి పని. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఆక్సిజన్ 88 శాతం కంటే దిగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపాలి. వరి కోతలయ్యాక గడ్డి కాల్చే రోజుల్లో ఆ పొగలోకి పోకుండా ఇంట్లోనే నడవాలి.

ఈ శిక్షణ కోసం పెద్దాసుపత్రికి వారంవారం నిజామాబాద్ దాకా బస్సెక్కడం ఈ మనుషులవల్ల కాదు. బీడీలు చుట్టని రోజుకు కూలి లేదు. అందుకే మెల్‌బోర్న్ వైద్యబృందం 2017లో ప్రచురించిన పరిశోధన నాకు ముఖ్యమనిపిస్తుంది. 166 మందిలో కొందరికి ఆసుపత్రిలో, మిగతావారికి ఇంటి దగ్గర శిక్షణ ఇచ్చారు. ఇంటి దగ్గరివాళ్లకు ఫిజియోథెరపిస్టు ఒక్కసారి వచ్చి నేర్పి, తర్వాత వారానికొకటి చొప్పున ఏడు ఫోన్లు చేశారు. శిక్షణ ముగిసేసరికి వాళ్లు ఆసుపత్రివాళ్లకు తీసిపోలేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు పక్కలా ఆ మేలు నిలవలేదు, కాబట్టి ఫోన్లు అక్కడితో ఆగకూడదు.

బీడీ కార్మికులకు పింఛను ఇస్తున్న రాష్ట్రం మనది. మందుల చీటీ మీద ఇన్‌హేలర్ పేరు కింద నడక ఎన్ని నిమిషాలో కూడా రాయడం, వారానికోసారి ఆశా కార్యకర్త ఫోన్ చేసి "ఎంత దూరం పోయినవ్ అవ్వా?" అని అడగడం మనకు భారమేమీ కాదు. వచ్చే కోతల పొగ మొదలుకాకముందే ఈ పని మొదలుపెట్టాలి.