మెడలో గడ్డ - సన్న సూది పరీక్ష

శెనిక్కాయ చేలో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఒకామె చెంబెత్తి నీళ్లు తాగుతోంది. పక్కనే ఉన్న తోడికోడలు ఆమె మెడ చూసింది. ముందువైపు చిన్న ఉబ్బు కనిపించింది. గుటక వేసినప్పుడు అది పైకి లేచి, మళ్లీ దిగింది.

"ఏందక్కా అది?"

"ఏమో! నొప్పి లేదు. ఆరు నెలల నుంచి ఉండాది."

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. వాత పెట్టిస్తే కరుగుతుందని ఒకరు. పసరు కట్టమని ఒకరు. "సూది గుచ్చితే కాన్సరు అవుతాది" అని ఇంకొకరు. ఆ మాటకే ఆమె భయపడింది. ఆసుపత్రికి పోలేదు.

ఆ గడ్డ ఏమిటి?

మన మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది. దాని పేరు థైరాయిడ్. గుటక వేస్తే అది కదులుతుంది. దానిలో పుట్టిన గడ్డ కూడా కదులుతుంది. ఈ గడ్డలు మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ వస్తాయి. 100 గడ్డల్లో సుమారు 90 కాన్సరు కావు. కానీ ఏది అవునో, ఏది కాదో చేత్తో తడిమి చెప్పలేము. నొప్పి లేదని ఊరుకోకూడదు. కాన్సరు గడ్డ కూడా మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందు రక్త పరీక్ష, స్కానింగ్ చేస్తారు. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే ఇది. గడ్డ ఎంత ఉంది, నీటి గడ్డా, గట్టి గడ్డా అని చూస్తారు. అన్ని గడ్డలకూ సూది అక్కర్లేదు. అనుమానం ఉన్న వాటికే చేస్తారు.

మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. స్కానింగ్ తెర మీద సూది మొన కనిపిస్తుంది. అది చూస్తూ డాక్టరు సరిగ్గా గడ్డలోకే గుచ్చుతారు. ఆ సూది రక్తం తీసే సూదికన్నా సన్నం. రెండు మూడు సార్లు గుచ్చవచ్చు. గుచ్చేటప్పుడు మాట్లాడకూడదు, గుటక వేయకూడదు. తీసిన కణాలను గాజు పలక మీద పూస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తారు.

కోత లేదు, కుట్లు లేవు. కాసేపు దూదితో అదిమి పట్టుకోవాలి. మామూలుగా ఆ రోజే ఇంటికి పోవచ్చు. ఒకటి రెండు రోజులు కొంచెం నొప్పి ఉండవచ్చు. మెడ బాగా వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

లేని కాన్సరును సూది పుట్టించదు. ఉంటే పట్టిస్తుంది. ముందుగా తెలిస్తే ఈ కాన్సరు చాలామందికి నయమవుతుంది. ఒక్కోసారి "కణాలు చాలలేదు" అని వస్తుంది. దానికి భయపడవద్దు. మళ్లీ చేయించుకోవాలి.

చదువు అక్కరకొచ్చింది

చివరికి తోడికోడలే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. పరీక్షకు ముందు ఒప్పుకోలు కాగితం ఇచ్చారు. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది. పేరు సరిగానే ఉంది. వయసు 42కు బదులు 24 అని పడింది. చెప్పి దిద్దించింది. అప్పుడు సంతకం చేసింది.

వారానికి ఫలితం వచ్చింది. కాన్సరు కాదు. ఏడాదికి మళ్లీ స్కానింగ్‌కు రమ్మన్నారు. ఆ తేదీ ఇంట్లో క్యాలెండరు మీద తనే రాసుకుంది.

ఎక్కడికి పోవాలి?

కర్నూలులో వైద్య కళాశాల 1957లో మొదలైంది. కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. ఈ రెండు చోట్లా సర్కారు పెద్దాసుపత్రులు ఉన్నాయి. ముందు మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఎక్కడికి పోవాలో వాళ్లు చీటీ రాసిస్తారు.

గడ్డ త్వరగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయవద్దు.

ఈ రోజు అద్దం ముందు నిలబడండి. తల కొంచెం పైకెత్తి ఒక గుటక నీళ్లు తాగండి. మీ మెడను మీరే చూసుకోండి. మీ అక్కచెల్లెళ్లకూ చెప్పండి.