జైల్లో మందులు అడిగే హక్కు: ట్రాన్స్‌జెండర్ల గురించి మీరు అడిగిన ప్రశ్న

ఎపిసోడ్‌లో టైము చాలక సగంలో వదిలేసిన ప్రశ్న ఇది. "ట్రాన్స్‌జెండర్ మనిషిని ఇక్కడ పోలీసులు పట్టుకుంటే లోపల వైద్యం దొరుకుతుందా అన్నా?" అని ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టారు. నవ్వులాటకి అడిగింది కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనలో చాలామందికి షువైఖ్ అంటే ముందు గుర్తొచ్చేది అకామా మెడికల్ లైను. రక్తం తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు. హెచ్‌ఐవీ తేలితే అకామా లేదు, ఇంటికే. అందుకే ఇక్కడ డాక్టరు అనగానే మనకి వైద్యం కన్నా ముందు తిరుగు టికెట్ కళ్ళ ముందు కనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ మనిషికి దీనికి తోడు ఇంకో భయం: బతాకా మీద 'మగ' అని ఉంటుంది, ఎదురుగా ఉన్న మనిషి అలా కనిపించదు.

2007లో కువైట్ శిక్షాస్మృతిలోని 198వ ఆర్టికల్‌ని మార్చి, ఆడవాళ్ళు మగవాళ్ళలా, మగవాళ్ళు ఆడవాళ్ళలా 'అనుకరించడం' నేరం చేశారు. ఏడాది దాకా జైలు, 1000 దినార్ల దాకా జరిమానా. అనుకరించడం అంటే ఏంటో మాత్రం రాయలేదు. అంటే పోలీసు కంటికి ఎలా కనిపిస్తే అలా. ఇంకో విచిత్రం, ఇది వైద్యపరమైన స్థితి అని ఈ దేశ ఆరోగ్య శాఖే గుర్తించింది. అయినా డాక్టరు కాగితం చూపించినా చట్టంలో మినహాయింపు లేదు. కస్టడీలో కొట్టడం, లైంగికంగా హింసించడం గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2012లో పెద్ద రిపోర్టే ఇచ్చింది.

2022 ఫిబ్రవరి 16న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనని కొట్టేసింది. మంచిదే, కానీ అక్కడితో అంతా సర్దుకుందని నేననను. మహా అల్ ముతైరీ అనే ట్రాన్స్ మహిళ సంగతి చూడండి. 2019లో ఏడు నెలలు మగవాళ్ళ జైల్లో పెట్టారని, అక్కడ పోలీసులు కొట్టి అత్యాచారం చేశారని 2020లో వీడియో పెట్టింది. 2021 అక్టోబర్‌లో ఆమెకి రెండేళ్ళ జైలు, 1000 దినార్ల జరిమానా పడ్డాయి. ఫోన్ దుర్వినియోగం చట్టాన్ని కూడా వాడారు. ఆమె ఈ దేశ పౌరురాలు. మనకి కఫీల్ ఒకడు, అరబీ రాకపోవడం ఒకటి అదనం.

ఇక మందుల సంగతి. మన ఊళ్ళల్లో నిర్వాణం చేయించుకున్నవాళ్ళ శరీరం ఆ తర్వాత సొంతంగా హార్మోన్ దాదాపు తయారుచేయదు. వాడుతున్న ఎస్ట్రాడయోల్ ఒక్కసారిగా ఆగితే ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టదు, మనసు కుంగిపోతుంది. ఎక్కువకాలం ఆగితే ఎముకలు గుల్లబారతాయి. "అందం కోసం వేసుకునే మాత్రలు" అని తీసిపారేయడం తప్పు. హెచ్‌ఐవీ మందులు ఆగితే ఇంకా ప్రమాదం. వైరస్ మళ్ళీ పెరుగుతుంది, పాత మందుకి లొంగకుండా పోవచ్చు కూడా. కానీ అడిగితే డిపోర్టేషన్ అన్న భయంతో లోపలున్న మనిషి నోరు విప్పదు. నా దృష్టిలో అసలు గోడ ఇదే.

బయట జనానికి దొరికే స్థాయి వైద్యమే ఖైదీకీ దొరకాలని ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు (2015) చెబుతాయి. ఇండియాలో అయితే కేంద్ర హోం శాఖ 2022 జనవరిలో రాష్ట్రాలకి ట్రాన్స్‌జెండర్ ఖైదీల గురించి ప్రత్యేకంగా రాసింది: వేరే వార్డు, తనిఖీలో మర్యాద, వివక్ష లేని వైద్యం. ఆ ఉత్తరం ఇక్కడ చెల్లదు. ఇక్కడ పనికొచ్చేది 1963 వియన్నా ఒప్పందం. పట్టుబడిన విదేశీయుడు అడిగితే, వాళ్ళ ఎంబసీకి ఆలస్యం లేకుండా కబురు పంపాలి. అడిగితేనే సుమా. అరబీలో "సఫారా హిందియా" అన్న రెండు మాటలు చాలు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇలాంటి మందుల మీద ఉంటే, ప్రిస్క్రిప్షన్ ఫొటో నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి ఉంచమనండి. బ్రాండ్ పేరు కాదు, అసలు మందు పేరు, డోసు ఇంగ్లీషులో ఉండాలి, ఎందుకంటే మన బ్రాండ్లు ఇక్కడి డాక్టర్లకి తెలియకపోవచ్చు. ఎంబసీకి రాసేటప్పుడు బతాకా నంబరు, పాస్‌పోర్టు మీదున్న పేరే రాయండి. మనం పిలిచే పేరుతో వెతికితే జైలు రికార్డులో మనిషి దొరకదు.