జలుబు పోయినను దగ్గు ఏల పోదు?

చలికాలమున ఆదిలాబాదు వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత కొన్ని ఏండ్లు 5 డిగ్రీల సెంటీగ్రేడుకు కూడ దిగును. ఆ దినములలో ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతముల తరగతి గదులలో పాఠముతోపాటు దగ్గు కూడ వినవచ్చును. సర్ది వారములో తగ్గును, ముక్కు కారుట ఆగును, జ్వరము ఉండదు. దగ్గు మాత్రము మూడవ వారములో కూడ విడువదు. మందు మార్చిన తగ్గునేమోయని సీసా తరువాత సీసా కొనుచుందురు.

ఇట్టి దగ్గులో సాధారణముగ వైరసు పని ముగిసియే ఉండును. మిగిలినది అది చేసిన గాయము. శ్వాసనాళపు లోపలి పొరపై శైలికలను సన్నని వెంట్రుకల వంటి నిర్మాణములు గలవు. గాలికి వరిచేను ఊగినట్లు ఇవి అలలుగా కదలుచు, దుమ్మును తెమడను గొంతువైపు తోయును. వైరసులు, ముఖ్యముగ ఇన్‌ఫ్లుయెంజా జాతివి, ఈ పొరను దెబ్బతీయగా ఈ ఊడ్పు పని మందగించును. అచటి నాడీతంతువుల కొనలు అతి సున్నితమగును. చల్లగాలి, పోపు ఘాటు, గట్టిగా నవ్వుట, ఇట్టి స్వల్ప కారణములకే వేగస్ నాడి మెదడుకు వార్త పంపును. వెంటనే ఊపిరి నిండును, కంఠద్వారము మూతపడును, పొట్ట కండరములు బిగియును, మూత తెరచుకొని గాలి పేలినట్లు వెలువడును. ఆ గాలి నాళమును మరల ఒరయును. దగ్గు దగ్గును పుట్టించునన్నమాట!

పొర మానుటకు వారములు పట్టును. 2013లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు విచారింపగా, దగ్గు 7 నుండి 9 దినములలో పోవునని జనులు తలచుచున్నట్లు తేలినది. పూర్వ పరిశోధనలను కూర్చి చూడగా సగటు దాదాపు 18 దినములు! ఈ వ్యత్యాసములోనే అనవసరపు యాంటీబయాటిక్కులు అమ్ముడుపోవుచున్నవి. అవి వైరసును ఏమియు చేయలేవు.

సిరపుల లాభము పెద్దలకే స్వల్పము. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా జిల్లాలో, డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవ్యము కలిసిన సిరపు త్రాగి, మూత్రపిండములు చెడి పసివారు మరణించిరి. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గుమందులు ఈయరాదని, ఐదేండ్లలోపు వారికి సాధారణముగ తగవని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ అక్టోబరులో సూచించినది. గోరువెచ్చని నీరు, పడుకొనబోవు ముందు చెంచెడు తేనె మేలు. ఏడాది నిండని శిశువుకు మాత్రము తేనె నిషిద్ధము. అందుండగల బొట్యులిజం బీజాణువులు పసి ప్రేగులలో మొలకెత్తి విషము పుట్టింపగలవు. పొయ్యి పొగకు, బీడీ పొగకు దూరముండవలెను.

అయితే జగిత్యాల, నిర్మల్ వైపు బీడీలు చుట్టు ఇండ్లలోను, గోదావరిఖని, మంచిర్యాల గనుల కుటుంబములలోను దగ్గు నిత్యము వినిపించునదే. అందుచే "సర్ది దగ్గేలే" యని నెలలు గడుపుట ప్రమాదము. రెండు వారములు దగ్గు నిలిచినచో తెమడ పరీక్ష చేయించవలెనని క్షయ నిర్మూలన కార్యక్రమపు నియమము. మామూలు దగ్గు సగటే 18 దినములు గదా యని విద్యార్థి అడుగవచ్చును. నిజమే, పరీక్షకు పోవువారిలో అధికులకు క్షయ ఉండదు. కాని ఉన్నవారు ఇంట కూర్చున్నచో గాలి ద్వారా ఇంటిల్లిపాదికి అంటవచ్చును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష ఉచితము. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, తెమడలో రక్తము, ఆయాసము కనిపించినచో రెండు వారములు కూడ ఆగరాదు. ఎనిమిది వారములు దాటినచో వైద్యులు జలుబును విడిచి, ఉబ్బసము, పొట్టలోని ఆమ్లము గొంతుకు ఎగదన్నుట వంటి ఇతర కారణములను వెదకుదురు.